అరువు గొంతు

జూన్ 23, సోమవారం

ట్యాబులు వచ్చాయి. పన్నెండు ట్యాబులు, ఒక బ్యానరు, ఒక రిబ్బను, ఆ రిబ్బను కత్తిరించడానికి ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ళని ఫొటోలు తీయడానికి ఇంకో ఇద్దరు. మా మూడో తరగతి గదిలో ఉన్న ప్లగ్గు మాత్రం ఒక్కటే. అదీ ఫ్యానుది. ట్యాబులకి ఛార్జింగ్ పెట్టాలంటే పిల్లలు ఉక్కలో కూర్చోవాలి. ఆ మాటే హెడ్‌మాస్టరు లింగమూర్తి సార్‌తో అంటే "ముందుగాల ఫొటో కానియ్యుండ్రి మేడం, కరెంటు సంగతి తర్వాత జూద్దాం" అన్నారు. ఆయనకి అన్నీ తర్వాతే.

ఇచ్చింది గోడ అవతలి కంపెనీవాళ్ళు. ఇరవై అంతస్తుల అద్దాల మేడ వాళ్ళది, రెండు రేకుల గదులూ రెండు పక్కా గదులూ మావి. ఇన్నాళ్ళూ వాళ్ళ నుంచి మాకు వచ్చేది ఏసీ గొట్టాల నీళ్ళు మాత్రమే. ఇప్పుడు ట్యాబులు కూడా వచ్చాయి. కంపెనీ తరఫున ఈ పని చూసే అమ్మాయి పేరు రసజ్ఞ. పాతికేళ్ళుంటాయేమో. "ఇన్‌క్లూజివ్ లెర్నింగ్" అని అన్నప్పుడల్లా రెండు చేతులూ చాపి చూపిస్తుంది, ఎవరినో కౌగిలించుకోబోతున్నట్టు.

రూల్సు చెప్పింది. ట్యాబు బడి గేటు దాటకూడదు, సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఎంతసేపు వాడామో వాళ్ళ స్క్రీను మీద కనబడుతుంది. బాగా వాడితే పచ్చ, తగ్గితే పసుపు, మానేస్తే ఎరుపు. అందులోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వాడితేనే లెక్కట. రెండు నెలలు వరసగా ఎరుపైతే మొత్తం తీసుకెళ్ళి బాచుపల్లిలో వేరే బడికి ఇచ్చేస్తారట. నవ్వుతూనే చెప్పింది.

ప్రత్యేక అవసరం అంటే మా బడిలో హర్షిణి. ఎనిమిదేళ్ళ పిల్ల. వినబడుతుంది, అన్నీ అర్థమవుతాయి, కూడికలు నాకంటే ముందే చేసేస్తుంది. మాట రాదు. గొంతులోంచి "ఆఁ", "ఊఁ" తప్ప ఇంకేం రాదు. ఒంటికి వెళ్ళాలా, కడుపు నొప్పా, పక్కవాడు గిల్లాడా, అన్నీ మేం ఊహించుకోవాలి. నా ఊహలు సగం తప్పు. తప్పయినప్పుడు అది బెంచీకేసి తల కొట్టుకుంటుంది.

దాని కోసమైనా ఈ దిక్కుమాలిన ప్లగ్గు సంగతి నేనే చూసుకోవాలి.

జూన్ 30

బొమ్మ నొక్కితే మాట్లాడే యాప్ అది. గ్లాసు బొమ్మ నొక్కితే "నాకు దాహముగా ఉన్నది" అంటుంది, బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే గొంతుతో. అన్నం బొమ్మ నొక్కితే "నేను భుజించెదను". తరగతంతా పడీ పడీ నవ్వింది. పింకీ అయితే బెంచీ మీదకెక్కి "నేను భుజించెదను, నేను భుజించెదను" అంటూ గంతులేసింది. హర్షిణి రెండు చెవులూ మూసుకుంది.

ఈ తెలుగు రాసినవాడికి పిల్లలున్నారా అసలు?

జూలై 8

ఆ యాప్‌లో మన గొంతు కూడా పెట్టుకోవచ్చట. ఈ ముక్క రసజ్ఞ ముందే చెప్పి ఉంటే వారం రోజులు కలిసొచ్చేవి. బడి వదిలాక మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే గదిలో కూర్చుని రికార్డు చేశాను. ప్రతి బొమ్మకీ ఒక మాట. కుక్క మొరిగితే మళ్ళీ మొదటికి, పైన డ్రోనో విమానమో పోతే మళ్ళీ మొదటికి. చక్కగా, మర్యాదగా, పిల్లలు ఎలా మాట్లాడాలో అలా చెప్పాను.

మా ఆయన సైమన్ మూడుసార్లు ఫోన్ చేశాడు. "లిజీ, ఏంటింకా రాలేదు? ఎమ్మెమ్‌టీఎస్ రైలు వెళ్ళిపోయిందా?" అని. బోరబండలో దిగేసరికి చీకటి పడింది. వంట కూడా అతనే చేశాడు. నా గొంతు బాగుంటుందని చర్చిలో అందరూ అంటారు. ఈసారి ఒక పిల్లకి పనికొస్తుంది.

జూలై 10

హర్షిణి మాట్లాడింది.

"టీచర్, నీళ్ళు తాగొస్తానండి." నా గొంతే, దాని వేలు. వెళ్ళు అన్నాను. తాగొచ్చింది. కూర్చుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెళ్ళు అన్నాను. మూడోసారికి దానికి దాహం లేదని నాకూ తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. అడిగితే ఇస్తారని చూసుకుంటోంది. నేను బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

సాయిచంద్ లేచి "టీచర్, హర్షిణి సేమ్ మీ లెక్కనే మాట్లాడుతుంది. చీర గూడ కట్టుకొని రమ్మనుర్రి" అన్నాడు. నవ్వితే నవ్వనీ.

జూలై 22

పచ్చ. హైటెక్ సిటీ చుట్టుపక్కల బడుల్లో మాదే ఎక్కువ పచ్చ అని రసజ్ఞ మెసేజ్. మూడు చప్పట్ల బొమ్మలు.

ఆగస్టు 14

ఒళ్ళు మండుతోంది.

ఇవాళ తల్లిదండ్రుల మీటింగు. హర్షిణి వాళ్ళమ్మ రేణుక వచ్చింది. ఐటీ అమ్మాయిలుండే లేడీస్ హాస్టల్లో చపాతీలు చేస్తుంది, మధ్యాహ్నం గంట పర్మిషన్ అడుక్కుని వచ్చింది. చేతులకింకా పిండి ఉంది. కూర్చోబెట్టి, హర్షిణి ముందు ట్యాబు పెట్టి, "అమ్మతో మాట్లాడమ్మా" అన్నాను. ఇన్నాళ్ళ కష్టం ఫలించే రోజు కదా అని లింగమూర్తి సార్‌ని కూడా పిలిచాను.

హర్షిణి నొక్కింది. "అమ్మా, ఆకలేస్తోందండి." ఇంకోటి నొక్కింది. "అమ్మా, మీరంటే నాకు చాలా ఇష్టమండి."

రేణుక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పిల్ల మొహం చూసింది, ట్యాబు చూసింది, నన్ను చూసింది. "గది మీ గొంతు గద మేడం" అంది.

"అవును, నేనే రికార్డు చేశాను. నూటయాభై మాటలు."

"మా పోరి మీ గొంతుతోని నన్ను అమ్మ అంటే నాకెట్లనో ఉన్నది. మీరు నన్ను అమ్మా అంటున్నట్టున్నది. జర నా గొంతు వెట్టరాదా మేడం? నేనే చెప్త. రోజింత చెప్త."

ఏం చెప్పాలి? యాప్‌లో అన్ని మాటలూ ఒకే గొంతుతో ఉంటేనే పిల్లకి గందరగోళం ఉండదన్నాను. బడి భాష అంటూ ఒకటుంటుందన్నాను. రికార్డింగుకి నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలన్నాను. అవన్నీ నిజాలే. రేణుక "సరే తియ్యి మేడం, మీకు ఎరుకుంటది" అని లేచి వెళ్ళిపోయింది. కనీసం థాంక్స్ చెప్పలేదు.

నూటయాభై మాటలు. బియ్యం బస్తాల మధ్య, దోమల్లో.

ఆగస్టు 18

ఇంకా మండుతూనే ఉంది. సైమన్‌తో చెప్పుకుంటే, అతను ఫోనులోంచి తల ఎత్తకుండా "పెట్టేయొచ్చు కదా ఆవిడ గొంతు, నీదేం పోయింది?" అన్నాడు. కంపెనీ క్యాబుల డెస్కులో కూర్చుని డ్రైవర్లని గంటకోసారి తిడతాడు, నాకు చెప్పేటప్పుడు మాత్రం శాంతమూర్తి.

నాదేం పోలేదు. మంచి భాష పోతుంది. రేపు పెద్ద క్లాసుల్లోకి వెళ్ళి ఆ పిల్ల "గిట్ల, గట్ల" అంటే ఎవరు వింటారు?

ఈ డైరీ సైమన్ చదవడు. తెలుగు చదవడం అతనికి బద్ధకం. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 2

పసుపు. బ్యాటరీలు సరిగ్గా నిలబడటం లేదు. వానలకి కరెంటు కూడా పోతోంది.

సెప్టెంబర్ 11

బ్యాటరీ మార్చిన ట్యాబు ఇచ్చారు. హర్షిణి దాన్ని బోర్లా పెట్టి దాని మీద పలక పెట్టుకుని రాసుకుంటోంది. నేను తిరగేసి పెడితే మళ్ళీ బోర్లా పెట్టింది. నీళ్ళు కావాలంటే మునుపటిలా వచ్చి నా కొంగు లాగుతోంది. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం. ఆ తల్లి ఇంట్లో ఏమందో ఏమిటో.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఇవాళ దొరికారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక హర్షిణి, పింకీ కనబడలేదు. ఇద్దరి ఇళ్ళూ పక్కపక్క అద్దె గదులే, వాళ్ళ తల్లులిద్దరూ ఒకే హాస్టల్లో పని. పింకీ నోరు బడికంతటికీ తెలుసు. వెతుకుతూ వెళ్తే మేడమెట్ల కింద ఉన్నారు, చీపుళ్ళ పక్కన. హర్షిణి చేతిలో ట్యాబు. రికార్డు చేసే ఎర్ర చుక్క నొక్కి పింకీ నోటి దగ్గర పెడుతోంది. ఆ ఎర్ర చుక్క సంగతి దానికి ఎవరు చెప్పారో. క్లాసులో నేను ఒకటో రెండో మాటలు సరిచేస్తుంటే చూసి ఉంటుంది.

హర్షిణి భుజంతో పింకీని గట్టిగా నెట్టింది. పింకీ వెంటనే "ఏయ్, జరుగు!" అంది. హర్షిణి తల అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా నెట్టింది. పింకీ ఈసారి కోపంగా "ఏయ్, జరగమంటే ఇనబడ్తలేదా?" అంది. అదీ కావలసింది. హర్షిణి నొక్కి వింది. మళ్ళీ వింది. రెండు కాళ్ళూ ఆడిస్తూ నవ్వింది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు.

ట్యాబు లాక్కుని విన్నాను. గ్లాసు బొమ్మ నొక్కితే "నీళ్ళియ్యి". అన్నం బొమ్మ నొక్కితే "నాకద్దు పో". పెన్సిల్ బొమ్మ నొక్కితే "సాయిగా, నా పెన్సిల్ ఎందుకు గుంజుకున్నవ్? ఇయ్యకుంటే చూడు మల్ల." చేయి బొమ్మ నొక్కితే, రాయడానికే సిగ్గేస్తోంది, "ఏంది గట్ల జూస్తున్నవ్?" నా నమస్కారమండి ఎక్కడా లేదు. నా మాటల్లో సగానికి పైగా పోయాయి. వాటి చోటంతా పింకీ.

పింకీని నిలబెట్టి చీవాట్లు పెట్టాను. "నేనేం జేసిన టీచర్? గదే చెప్పిపిచ్చుకున్నది" అంది. ఎదురు సమాధానం ఒకటి. ఇద్దరినీ వేరే వేరే బెంచీల్లో కూర్చోబెట్టాను.

నా రికార్డింగులన్నీ మెమొరీ కార్డులో దాచి ఉంచడం మంచిదయింది. సాయంత్రం మళ్ళీ ఎక్కించేశాను. ఎర్ర చుక్కకి పాస్‌వర్డ్ పెట్టాను. ఇది హర్షిణి మంచికే. రేపు పెద్దవాళ్ళెవరైనా వచ్చినప్పుడు ఏంది గట్ల జూస్తున్నవ్ అంటే, పిల్ల పరువూ బడి పరువూ ఉంటాయా?

అక్టోబర్ 6

దసరా సెలవులయ్యాయి. పండగ తర్వాత పిల్లల చేతుల నిండా గోరింటాకు. హర్షిణి ట్యాబు ముట్టుకోలేదు.

అక్టోబర్ 9

ముట్టుకోలేదు.

అక్టోబర్ 31

ఎరుపు. మిగతా పదకొండు ట్యాబుల్లో సాయిచంద్ వాళ్ళు లెక్కలాటలు ఆడుతూనే ఉన్నారు. అవి లెక్కలోకి రావట. ఈ ప్రాజెక్టు భారమంతా ఒక్క పిల్ల వేలు మీద పెట్టారు, ఎవరి తెలివో. రసజ్ఞకి ఫోన్ చేసి అరిచాను. "మేడమ్, ఐ అండర్‌స్టాండ్, కానీ మెట్రిక్స్ మా చేతుల్లో ఉండవండి" అంది. ఎవరి చేతుల్లో ఉంటాయో కనుక్కుని చెబుతానంది. చెప్పలేదు.

నవంబర్ 14

బాలల దినోత్సవం. పిల్లలందరూ స్టేజీ ఎక్కారు. హర్షిణి కుర్చీలు సర్దింది.

లింగమూర్తి సార్ పక్కకి పిలిచి, "డిసెంబర్ మూడున కంపెనీ పెద్దసార్లు వస్తున్నరు మేడం. దివ్యాంగుల దినం గద. గా పిల్లతోని రెండు మాటలు చెప్పియ్యిండ్రి చాలు. నమస్కారం, థాంక్యూ. బస్. లేకుంటే ట్యాబులు బాచుపల్లికి పోతయ్, మన ఇజ్జత్ గూడ పోతది" అన్నారు. ఆయన ఇజ్జత్ సంగతి నాకు తెలియదు. ట్యాబు పోతే హర్షిణికి మాట ఉండదు. నాకున్న బెంగ అదొక్కటే.

నవంబర్ 26

రిహార్సల్. నొక్కదు.

నవంబర్ 28

రిహార్సల్. చాక్లెట్ చూపించాను. చాక్లెట్ తీసుకుంది. నొక్కలేదు.

డిసెంబర్ 3, బుధవారం

విజిట్ అయిపోయింది. బ్యాటరీ ప్రాబ్లం వచ్చింది. తలనొప్పి. పడుకుంటాను.

డిసెంబర్ 4

బ్యాటరీ నిండుగా ఉంది.

రాయాలి. ఎక్కడో ఒకచోట పెట్టకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఐదుగురు వచ్చారు. పూలదండలు, సమోసాలు. రేణుకని కూడా రమ్మన్నాం, చివరి వరసలో నిలబడింది. హర్షిణిని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి ట్యాబు ముందు పెట్టాను. "చెప్పమ్మా" అన్నాను. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ చెప్పమన్నాను. లింగమూర్తి సార్ గొంతు సవరించుకున్నారు. ఫొటో తీసేవాడు వంగి ఎదురుచూస్తున్నాడు.

దాని చూపుడువేలు పట్టుకుని నేనే నొక్కాను.

"నమస్కారమండి, మా బడికి స్వాగతమండి" అంది నా గొంతు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకోసారి పట్టుకుని నొక్కాను. "థాంక్యూ అండి." మళ్ళీ చప్పట్లు. హర్షిణి వేలు నా చేతిలో కర్రముక్కలా ఉంది. వదలగానే అది ట్యాబుని బల్ల మీద నా వైపు నెట్టేసింది. మెల్లగానే, నీదే నువ్వుంచుకో అన్నట్టు. వాళ్ళలో ఒకాయన మంచివాడో గడుసువాడో, "పాప తనంతట తను చేస్తుందా?" అని అడిగాడు. నేను వెంటనే "బ్యాటరీ ప్రాబ్లం సార్" అన్నాను. స్క్రీను వెలుగుతూనే ఉంది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

వెళ్ళేటప్పుడు రేణుక నా దగ్గర ఆగింది. తిట్టినా బాగుండేది. "ఏలు వట్టి నొక్కిచ్చిన్రు గద మేడం" అని మాత్రం అంది.

రాత్రి నుంచి నా వేలు నేను చూసుకుంటున్నాను. సిగ్గేస్తోంది. ఇంకా ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామంటే ఎవరూ దొరకడం లేదు.

డిసెంబర్ 8

రసజ్ఞ మెసేజ్. వాడకం సరిపోలేదు కాబట్టి ఇరవై రెండున ట్యాబులు తీసుకెళ్తారు. చివర చేతులు జోడించిన బొమ్మ.

డిసెంబర్ 9

ఎలాగూ పోయేదే కదా అని తెగించాను. బోర్డింగు స్కూల్లో దొంగతనంగా పచ్చడి తెచ్చుకున్నట్టుంది.

పింకీని, హర్షిణిని బియ్యం గదిలోకి పిలిచి తలుపేశాను. పింకీ గోడకి అతుక్కుపోయింది, కొడతాననుకుని. కొట్టనమ్మా అని, పాస్‌వర్డ్ తీసేసి, "పింకీ, అప్పుడు చెప్పినట్టు మళ్ళీ చెబుతావా?" అన్నాను.

"ఏం చెప్పాల్నో మీరే అంటరు, మల్ల మీరే తిడ్తరు."

"తిట్టను."

"ఒట్టు?"

"ఒట్టు."

"హర్షిణినడుగుర్రి. గది చెప్పిపిచ్చుకుంటే నేను చెప్త. నాకేం పనిలేదా ఏంది?"

హర్షిణి నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ట్యాబు తీసుకుని, లేచి, నా చేయి పట్టుకుని తలుపు దాకా నడిపించింది. బయటికి పంపించి తలుపు మూసేసింది. నేను వరండాలో బెల్లు పక్కన నిలబడ్డాను. లోపల్నించి పింకీ అరుపులూ, నవ్వులూ, ఏడుపు నటనలూ. ఏం రికార్డు చేశారో నాకు తెలియదు. వినలేదు.

సాయంత్రం బీరువాలో పదకొండే పెట్టాను. పన్నెండోది హర్షిణి సంచిలో పెట్టి పంపాను. లింగమూర్తి సార్ చూశారు. "మేడం, రూలు..." అన్నారు. "తర్వాత చూద్దాం సార్" అన్నాను.

డిసెంబర్ 12, శుక్రవారం

పొద్దున్నే గేటు దగ్గర రేణుక. డ్యూటీకి ఆలస్యమైనా నిలబడి ఉంది. మళ్ళీ ఏం తప్పు చేశానో అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను.

"రాత్రి నాతోని కొట్లాడింది మేడం!" అంది. మొహమంతా నవ్వే. "బీరకాయ కూర వెట్టిన. పల్లెం దొబ్బేసి, గా డబ్బల నొక్కుతది, 'రోజు గిదేనా? నాకద్దు పో' అని. హాస్టల్ల వందమంది తింటరు నా వంట, ఒక్కరు వంక వెట్టరు. ఎనిమిదేండ్లకు నా బిడ్డ వంక వెట్టింది. నేను గూడ తిట్టిన. మల్ల తిట్టింది. ఇద్దరం మస్తు కొట్లాడినం."

నేనూ నవ్వాను. తర్వాత అడగాలనిపించి అడిగాను. "రేణుకా, మీ గొంతు పెట్టమన్నారు కదా అప్పుడు. పింకీ గొంతైనా పర్లేదా?"

ఆమె కొంచెం ఆలోచించింది. "నాది వెడితే బాగుంటదనుకున్న మేడం. గానీ తల్లి గొంతుతోని తల్లితోని ఎట్ల కొట్లాడ్తది? పింకీ దాని ఈడుది. పోరి గొంతు పోరి లెక్కుండాలె గద."

నూటయాభై మాటలు రికార్డు చేస్తూ నాకీ ఆలోచన ఒక్కసారైనా రాలేదు. నలభయ్యేళ్ళ ఆడదాని గొంతు తీసుకెళ్ళి ఎనిమిదేళ్ళ పిల్ల నోట్లో పెట్టాను. ఆమె తన గొంతు పెడతానంటే వాదించాను. మేమిద్దరం దాన్ని అడగలేదు.

డిసెంబర్ 17

హర్షిణి ఇవాళ సాయిచంద్‌ని ఏడిపించింది. వాడొచ్చి నా కొంగు పట్టుకుని ఫిర్యాదు, "టీచర్, హర్షిణి నన్ను తిడ్తుంది!" అని. రెండేళ్ళుగా వాడు దాన్ని గిల్లుతుంటే ఫిర్యాదు చేయలేని పిల్ల. బయటికి మందలించాను.

వాళ్ళ స్క్రీను మీద మళ్ళీ పచ్చ వచ్చిందట. రసజ్ఞే ఫోన్ చేసి, ఆశ్చర్యపోతూ చెప్పింది. అయితే తీసుకెళ్ళడం ఆపుతారా అన్నాను. "రిపోర్ట్ క్లోజ్ అయిపోయింది మేడమ్. బాచుపల్లి స్కూల్‌కి లెటర్ కూడా వెళ్ళిపోయింది" అంది. పోనీ ఆ ఒక్కటైనా ఉంచుతారా అన్నాను. "సెట్‌గా ఇవ్వాలండి. పన్నెండు ఉండాలి. అక్కడికెళ్ళగానే అన్నీ రీసెట్ చేస్తారు" అంది.

రీసెట్ అంటే పింకీ పోతుంది. హర్షిణి పోతుంది.

ఫోన్ పెట్టేసి పిల్లలున్నారని కూడా చూడకుండా డస్టర్‌ని గోడకేసి కొట్టాను.

డిసెంబర్ 21, ఆదివారం

చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. నా వంతు వచ్చినప్పుడు పాడలేదు. జలుబని చెప్పాను.

రేపు రసజ్ఞతో ఏం మాట్లాడాలో రాసుకున్నాను. వికలాంగుల చట్టం, పిల్లల హక్కులు, కంపెనీ పరువు, అవసరమైతే పేపర్లకెక్కుతానన్న బెదిరింపు. సైమన్‌కి చదివి వినిపించాను. బాగుందన్నాడు. ఈసారి ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

డిసెంబర్ 22, సోమవారం

రసజ్ఞ అట్టపెట్టెతో వచ్చింది, మోయడానికి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని. పదకొండూ పెట్టెలో సర్దుకున్నారు. పన్నెండోది హర్షిణి ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని కూర్చుంది.

నేను మొదలుపెట్టాను. రాసుకున్నవన్నీ వరసగా వచ్చాయి. ఈ పిల్లకి ఇది ఆట వస్తువు కాదన్నాను. మీ రంగుల లెక్క కోసం మేం ఆ పిల్లని ఎంత ఏడిపించామో తెలుసా అన్నాను. లింగమూర్తి సార్ కూడా, ఎన్నడూ లేనిది, "అవును మేడం, జర ఆలోచించుండ్రి" అని నా పక్కకొచ్చి నిలబడ్డారు. రసజ్ఞ తన బాధ తను చెబుతోంది, పైవాళ్ళు, ఆడిట్, సెట్. నాకింకా ఊపొచ్చింది. "హర్షిణికి ఏం కావాలో మీకేం తెలుసు, నాకు తెలుసు, ఈ పిల్ల మనసులో..." అంటున్నాను. ముగ్గురం ఒకేసారి మాట్లాడుతున్నాం, దాని తల మీదుగా.

"టీచర్, నువ్వు ఊకో."

పింకీ గొంతు. గట్టిగా.

లింగమూర్తి సార్ "ఏయ్ పింకీ!" అని కేకేశారు. పింకీ రెండు చేతులతో నోరు మూసుకుని, తల అడ్డంగా ఊపుతూ, కళ్ళతో హర్షిణిని చూపించింది.

నిజం రాయాలి. నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఊరుకోమన్న పిల్ల లేదు. అదీ దాని కోసమే నేను అరుస్తుంటే, అదీ 'నువ్వు' అంటూ. నోటిదాకా వచ్చింది, నా వల్ల కదే నీకు మాట వచ్చింది అని. హర్షిణి నా వైపు చూడనే లేదు. రసజ్ఞని చూస్తోంది. వేలు స్క్రీను మీద వెతుక్కుంటోంది. నెమ్మదిగా, ఒక్కో బొమ్మా దాటుకుంటూ. మేమందరం ఆ వేలు వైపే చూస్తూ నిలబడ్డాం. అంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉండటం మా బడిలో ఎప్పుడూ జరగలేదు.

"అక్కా."

మళ్ళీ వెతుకులాట.

"నేనియ్య."

రసజ్ఞ మోకాళ్ళ మీద కూర్చుంది. "అది కాదు హర్షిణీ..." అని ఆగింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు ఆ అమ్మాయికి.

"మల్ల నేనెట్ల మాట్లాడాలె?"

ఇది పింకీ అరుపుల్లోది కాదు. నెమ్మదిగా, నిజంగానే అడుగుతున్నట్టు చెప్పించుకుంది. ఈ మాట ఎప్పుడు రికార్డు చేయించుకుందో, తలుపు మూసుకున్న రోజే ఇలాంటి రోజొకటి వస్తుందనుకుందో, నాకు తెలియదు. నా నూటయాభై మాటల్లో ఆ ప్రశ్న లేదు. అసలు ప్రశ్నే ఒక్కటీ లేదు.

రసజ్ఞ కళ్ళు తుడుచుకుంది. మనుషులకి చెప్పి పదకొండు ట్యాబుల పెట్టెకి టేపు వేయించింది. "నేను పైన మాట్లాడతాను. అప్పటిదాకా ఇది నీ దగ్గరే ఉంచుకో" అంది, నాతో కాదు, హర్షిణితో.

హర్షిణి నమ్మలేదు. వేలు మళ్ళీ కదిలింది.

"ఎప్పుడు?"

రసజ్ఞ జవాబు కోసం నా వైపు చూసింది. నేను ఊరుకున్నాను.